హస్తవాసికి లెక్క వుందా?

గుండె కవాటం మార్చవలసి వస్తే సర్జన్‌నూ, ఆస్పత్రినీ ఎంచుకోవడం ఎలా?

"ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిదండీ!" ఈ మాట మీరు ఎన్నోసార్లు వినే వుంటారు. మందు ఒకటే, సూది ఒకటే. అయినా ఒకరు ఇస్తే జ్వరం తగ్గుతుందనీ, ఇంకొకరు ఇస్తే తగ్గదనీ మన పెద్దవాళ్ళు అంటూంటారు. జలుబూ, పడిశమూ అయితే ఈ మాట నమ్మినా నష్టం లేదు, నమ్మకపోయినా నష్టం లేదు. ఎవరి హస్తవాసి ఎలాంటిదైనా జలుబు వారం రోజుల్లో దానంతట అదే పోతుంది. కాని గుండె తెరిచి చేసే ఆపరేషన్ అయితే?

మీ తరగతిలో ఒక అబ్బాయి వున్నాడనుకోండి. వాళ్ళ అమ్మకు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. పరీక్షలు చేసిన డాక్టరు, "గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చవలసి రావచ్చు" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ కూర్చున్నారు. "పట్నంలో కొత్తగా ఏడంతస్తుల ఆస్పత్రి కట్టారు, అక్కడికే వెళదాం" అన్నాడు బాబాయి. "మా ఊళ్ళో ఒకాయనకు ఫలానా సర్జన్ చేశాడు, రాయిలా తిరుగుతున్నాడు" అన్నాడు మేనమామ. "ఇంకో డాక్టరున్నాడట. ఆయన చేతిలో ఇంతవరకూ ఒక్క ప్రాణమూ పోలేదట. హస్తవాసి అంటే ఆయనదే" అంది పెద్దమ్మ. అబ్బాయి ఎవరి మాట వినాలి?

ముగ్గురూ ఆవిడ మంచి కోరినవాళ్ళే. కాని ముగ్గురు చెప్పినదానిలోనూ ఏదో ఒకటి తక్కువైంది. అదేమిటో తెలుసుకోవాలంటే పెద్ద వైద్యశాస్త్రం అక్కరలేదు. మీరు నేర్చుకున్న శాతాలూ, భాగహారమూ చాలు.

తలుపు చెడితే ఏమవుతుంది?

గుండెలో నాలుగు గదులున్నాయని మీరు చదువుకున్నారు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. రక్తం ఒక వైపుకే పోవాలి, వెనక్కి రాకూడదు. అందుకోసం నాలుగు కవాటాలున్నాయి. కవాటం అంటే తలుపు అనే అర్థం. కర్ణికలకూ జఠరికలకూ మధ్య రెండు తలుపులు, జఠరికల నుంచి బయటికి పోయే రెండు పెద్ద ధమనుల మొదట్లో రెండు తలుపులు.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకుంటే రోజుకు 1,00,800 సార్లు, ఏడాదికి సుమారు 3 కోట్ల 68 లక్షల సార్లు. ప్రతి కవాటమూ అన్నిసార్లు తెరుచుకుని మూసుకోవాలి. మన వీధి తలుపు అన్నిసార్లు వేసి తీస్తే దాని మడత బందులు ఏనాడో ఊడిపోయేవి!

ఈ తలుపులు రెండు విధాలుగా పాడవుతాయి. రెక్కలు బిరుసెక్కి, ఒకదానికొకటి అతుక్కుపోయి సరిగా తెరుచుకోకపోవడం ఒకటి. సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడం రెండోది. రెండూ కలిసి కూడా రావచ్చు. మన దేశంలో దీనికి ముఖ్యమైన కారణాలలో ఒకటి రుమాటిక్ జ్వరం, అంటే కీళ్ళవాత జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే గొంతునొప్పికి సరైన చికిత్స జరగకపోతే, కొందరు పిల్లలలో రెండు మూడు వారాల తరవాత ఈ జ్వరం వస్తుంది. కీళ్ళు వాచి తగ్గిపోతాయి. గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మాత్రం వుండిపోవచ్చు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ వయసులో, అంటే మీ వయసులోనే, వస్తుంది ఇది. ముసలితనంలో అయితే మహాధమని కవాటం మీద సున్నం పేరుకుని గట్టిపడటం మామూలు.

మార్చాలా? బాగుచేయవచ్చా?

సర్జన్‌ను వెతకడానికి ముందే ఒక ప్రశ్న వుంది. మార్చడం తప్పదా?

"గుండె డాక్టరు" అని మనం అనేవాళ్ళలో రెండు రకాల వాళ్ళున్నారు. కార్డియాలజిస్టు పరీక్షలు చేసి, జబ్బు ఏదో తేల్చి, మందులిస్తాడు. రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి కొన్ని చికిత్సలు కూడా చేస్తాడు. సర్జన్ ఆపరేషన్ చేస్తాడు. కవాటం ఎలా పాడైందో, ఎంత పాడైందో ధ్వని తరంగాలతో చూసే ఎకో పరీక్షలో తెలుస్తుంది. దాన్ని అనుభవం వున్నవాళ్ళు చేయడం, చదవడం చాలా ముఖ్యం.

కర్ణిక జఠరికల మధ్య ఎడమవైపున వున్న మిట్రల్ కవాటం అతుక్కుపోతే, అది తగిన స్థితిలో వుంటే, తొడ దగ్గర రక్తనాళం గుండా ఒక బెలూన్ పంపి, ఉబ్బించి, కవాటాన్ని విడదీయవచ్చు. ఈ పద్ధతిని 1982లో జపాన్‌లో కాంజీ ఇనోవే అనే సర్జన్ మొదలుపెట్టాడు. కారే కవాటాన్ని కొన్నిసార్లు కుట్టి బాగుచేయవచ్చు. ఇవేవీ కుదరనప్పుడే మార్చడం.

మార్చే కవాటాలు కూడా రెండు రకాలు. మొదటివి లోహం, కార్బన్ వంటి వాటితో చేసినవి. అమెరికాలో సర్జన్ ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి చేసిన కవాటాన్ని 1960లో మనిషి గుండెలో అమర్చారు. అది చిన్న పంజరంలో ఆడే బంతి. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ నాయకత్వాన పనిచేసినవాళ్ళు ముందు చేసిన నమూనాలు పనికిరాకపోయినా పట్టు వదలక, నాలుగో నమూనాతో విజయం సాధించారు. ఆ చిత్ర కవాటాన్ని మొదటిసారి 1990 డిసెంబర్‌లో ఒక రోగికి అమర్చారు. రెండో రకం కవాటాలను పంది కవాటంతో గాని, ఎద్దు గుండె చుట్టూ వుండే పొరతో గాని చేస్తారు.

లోహపు కవాటం చాలాకాలం మన్నుతుంది. కాని దాని మీద రక్తం గడ్డ కట్టకుండా జీవితాంతం మందు వాడాలి. రెండో రకానికి సాధారణంగా జీవితాంతం ఆ మందు అక్కరలేదు. కాని కొన్నేళ్ళకు అరిగిపోతుంది, చిన్న వయసువాళ్ళలో ఇంకా త్వరగా అరుగుతుంది. అప్పుడు మళ్ళీ ఆపరేషన్. కనక ఏది మంచిదంటే ఒక్క మాటలో జవాబు లేదు. వయసెంత, ముందుముందు పిల్లల్ని కనవలసి వుందా, రక్తపరీక్షకు తరచుగా వెళ్ళగలరా, ఇవన్నీ చూడాలి. వీటిని ఓపికగా అడిగి తెలుసుకునే సర్జన్ మంచి సర్జన్ అనడానికి అది మొదటి గుర్తు.

చీటీలు రాసిన డాక్టరు

ఇప్పుడు హస్తవాసి సంగతికి వద్దాం. నూరేళ్ళ కిందట అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ వుండేవాడు. ఆయనకు ఒక విచిత్రమైన అలవాటు. తాను ఆపరేషన్ చేసిన ప్రతి రోగికీ ఒక చీటీ రాసేవాడు. జబ్బు ఏమిటి, ఏం చేశాను అని రాసి ఊరుకునేవాడు కాడు. ఏడాది తరవాత ఆ మనిషి ఎలా వున్నాడో కనుక్కుని అదీ రాసేవాడు. బాగుపడకపోతే ఎందుకు బాగుపడలేదు? తప్పు జబ్బుదా, సర్జన్‌దా, పనిముట్లదా? అదీ రాసేవాడు.

ప్రతి ఆస్పత్రీ ఇలాగే చేయాలనీ, ఆ లెక్కలు అందరికీ చూపించాలనీ ఆయన పట్టుబట్టాడు. సాటి డాక్టర్లకు అది రుచించలేదు. పెద్ద ఆస్పత్రిలో ప్రతిభను బట్టి కాక వయసు వరసను బట్టి పై పదవులు ఇవ్వడం నచ్చక 1914లో రాజీనామా ఇచ్చాడు. 1911లోనే సొంతంగా ఒక చిన్న ఆస్పత్రి తెరిచి వున్నాడు. అక్కడ 1916 దాకా చికిత్స పొంది వెళ్ళినవాళ్ళు 337 మంది. వాళ్ళ చికిత్సలో 123 తప్పులు జరిగాయని తానే లెక్కగట్టి అచ్చువేశాడు!

మీరైతే ఎవరి దగ్గరికి వెళతారు? 123 తప్పులు ఒప్పుకున్నవాడి దగ్గరికా, తప్పే జరగలేదని చెప్పేవాడి దగ్గరికా? తొందరపడకండి. ముందు ఒక ఆట ఆడదాం.

చింతపిక్కల ఆట

ఒక సంచిలో 20 చింతపిక్కలు వేయండి. ఒకదానికి సుద్దతో తెల్లని గుర్తు పెట్టండి. కళ్ళు మూసుకుని ఒక పిక్క తీయండి, చూసి మళ్ళీ సంచిలో వేసి కలపండి. ఇలా 20 సార్లు తీయాలి. తెల్ల గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకోండి.

20లో ఒకటి అంటే నూటికి 5. కనక 20 సార్లలో ఒకసారైనా రావాలి కదా అనుకుంటారు మీరు. కాని తరగతిలో అందరూ ఈ ఆట ఆడితే, నూటికి 36 మందికి ఒక్కసారి కూడా తెల్ల పిక్క రాదు! లెక్క చూడండి. ఒకసారి తీసినప్పుడు తెల్లది రాకపోవడానికి అవకాశం 0.95. వరసగా 20 సార్లు రాకపోవాలంటే 0.95ను 20 సార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.36.

పిక్కకు బదులు ఆపరేషన్ అనుకోండి. ఒక సర్జన్ చేతిలో నిజానికి నూటికి 5 మంది చనిపోయే ప్రమాదం వున్నా, మొదటి 20 మందిలో ఒక్కరూ చనిపోకుండా వుండటం ఏమంత వింత కాదు. అది కేవలం అదృష్టం కావచ్చు. పెద్దమ్మ చెప్పిన "ఒక్క ప్రాణమూ పోలేదు" అనే మాటలో లోపం ఇదే. ఎన్ని ఆపరేషన్లలో? ఆ సంఖ్య లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

దీనికి ఒక సులువైన సూత్రం వుంది. ఒక్క మరణమూ జరగలేదని ఎవరైనా చెబితే 3ను ఆపరేషన్ల సంఖ్యతో భాగించండి. అసలు ప్రమాదం అంతవరకూ వుండవచ్చు. 20 ఆపరేషన్లయితే 3/20, అంటే నూటికి 15 దాకా. 300 ఆపరేషన్లయితే 3/300, అంటే నూటికి 1 దాకా. మరొక సర్జన్ 500 ఆపరేషన్లు చేస్తే 10 మంది చనిపోయారనుకోండి. నూటికి 2. అసలు ప్రమాదం సుమారు 1 నుంచి 4 లోపు వుంటుందని మనం కాస్త ధైర్యంగా చెప్పవచ్చు. 20కి సున్నా కంటే 500కి 10 ఎక్కువ భరోసా ఇస్తుంది!

మేనమామ మాట కూడా ఇలాంటిదే. ఆయన చూసింది ఒక్క పిక్కను.

తేలిక కేసులు, కష్టం కేసులు

అయితే పెద్ద సంఖ్యలు దొరికితే చాలా? చాలదు. రెండు ఆస్పత్రులను ఊహించుకుందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం మనం కల్పించుకున్నవి. రెండింటిలోనూ వెయ్యేసి కవాటాల ఆపరేషన్లు జరిగాయి. మొదటి ఆస్పత్రిలో 30 మంది చనిపోయారు, నూటికి 3. రెండోదాంట్లో 52 మంది, నూటికి 5.2. ఏది మంచిది? మొదటిదే అంటారు కదూ?

ఇప్పుడు రోగులను విడదీసి చూడండి.

మొదటి ఆస్పత్రి: తేలిక కేసులు 900, మరణాలు 18, నూటికి 2. కష్టం కేసులు 100, మరణాలు 12, నూటికి 12.

రెండో ఆస్పత్రి: తేలిక కేసులు 400, మరణాలు 4, నూటికి 1. కష్టం కేసులు 600, మరణాలు 48, నూటికి 8.

చిత్రంగా లేదూ? తేలిక కేసుల్లో రెండో ఆస్పత్రే మెరుగు. కష్టం కేసుల్లోనూ అదే మెరుగు. అయినా మొత్తం కలిపితే వెనకబడినట్టు కనిపిస్తుంది. కారణం ఏమిటంటే, ముసలివాళ్ళూ, మూత్రపిండాలు చెడినవాళ్ళూ, ఇదివరకే ఒకసారి గుండె ఆపరేషన్ అయినవాళ్ళూ ఎక్కువగా అక్కడికే వస్తున్నారు. ఇతరులు కాదన్న రోగులను చేర్చుకునే ఆస్పత్రి లెక్క పైకి చెడ్డగా కనిపించవచ్చు. సులువైన కేసులనే ఏరుకునే ఆస్పత్రి లెక్క మంచిగా కనిపించవచ్చు.

అందుకని నిపుణులు ఇంకో పని చేస్తారు. రాష్ట్రం మొత్తం మీద తేలిక కేసుల్లో నూటికి 1.5 మంది, కష్టం కేసుల్లో నూటికి 10 మంది చనిపోతున్నారనుకోండి. ఆ ప్రకారం మొదటి ఆస్పత్రిలో 13.5 + 10 = 23.5 మరణాలు వుండాలి. జరిగినవి 30, కనక సగటు కంటే ఎక్కువ. రెండోదాంట్లో 6 + 60 = 66 వుండాలి. జరిగినవి 52, కనక సగటు కంటే తక్కువ. "జరిగినవి" అనే అంకెను "వుండవలసినవి" అనే అంకెతో పోల్చడమే సరైన పోలిక.

న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం 1989 నుంచి బైపాస్ అనే గుండె ఆపరేషన్ విషయంలో ఈ పనే చేసింది. ఆస్పత్రుల లెక్కలు 1990 డిసెంబర్‌లో ప్రచురించింది. ఒక పత్రిక కోర్టుకు వెళ్ళి సర్జన్ల వారీ లెక్కలు కూడా బయటికి తెప్పించింది. రోగుల కష్టాన్ని బట్టి సవరించిన మరణాలు 1989లో నూటికి 4.17 వుండగా 1992 నాటికి 2.45కు తగ్గాయి. తగ్గుదల అంతా లెక్కలు ప్రచురించినందువల్లనే అని చెప్పలేం. పైగా లెక్క చెడిపోతుందనే భయంతో కొందరు సర్జన్లు కష్టం కేసులను వదిలేస్తారేమో అనే అనుమానం కూడా వచ్చింది. అయినా లెక్క రాసుకున్నవాడే తన పని సరిదిద్దుకోగలడు. కాడ్‌మన్ చెప్పింది కూడా ఇదే.

మరి కాడ్‌మన్ దగ్గరికి వెళ్ళాలా వద్దా అని అడిగాం. 123 తప్పులున్నంత మాత్రాన ఆయన మంచి సర్జన్ అని తేలదు, చెడ్డ సర్జన్ అనీ తేలదు. కాని ఆయన గురించి ఏదైనా తేల్చడానికి మన చేతిలో లెక్క వుంది. తప్పే లేదనేవాడి దగ్గర ఆ లెక్క కూడా లేదు.

చేయి తిరగడం అంటే

మన భాషలో "చేయి తిరిగినవాడు" అని ఒక మంచి మాట వుంది. మొదటి రోజు కాల్చిన దోసె పెనానికి అంటుకుపోతుంది. నూరో దోసె గుండ్రంగా వస్తుంది. ఆపరేషన్‌లో కూడా అంతేనా? అమెరికాలో 65 ఏళ్ళు దాటిన రోగుల మీద, 1998, 1999 సంవత్సరాలలో జరిగిన లక్షల ఆపరేషన్లను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మహాధమని కవాటం మార్చే ఆపరేషన్ కూడా వుంది. ఆ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ల చేతిలో మరణాలు తక్కువనీ, అరుదుగా చేసేవాళ్ళ చేతిలో ఎక్కువనీ తేలింది.

ఇక్కడ ఒక మెలిక వుంది. "ఆయన వేల గుండె ఆపరేషన్లు చేశాడు" అంటే చాలదు. బైపాస్ వేరు, కవాటం వేరు. కవాటం మార్చడం వేరు, బాగుచేయడం వేరు. మీ అమ్మకు కావలసిన ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తున్నాడన్నదే అసలు ప్రశ్న.

ఒక చేయి కాదు, ఎన్నో చేతులు

కవాటం మార్చేటప్పుడు సాధారణంగా గుండెను కొంతసేపు ఆపుతారు. ఆ సేపు రక్తాన్ని శరీరమంతటా తిప్పేది ఒక యంత్రం. దాన్ని నడపడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషి వుంటాడు. మత్తు ఇచ్చే డాక్టరు, నర్సులు, రక్తనిధి, ఆపరేషన్ అయ్యాక రాత్రంతా కనిపెట్టుకుని వుండే ఐ.సి.యు. సిబ్బంది, వీళ్ళందరి పనీ బాగుంటేనే ప్రాణం నిలుస్తుంది. అర్ధరాత్రి రక్తస్రావం మొదలైతే సర్జన్ ఎన్ని నిమిషాల్లో రాగలడు? ఈ ప్రశ్నకు ఏడంతస్తుల భవనం జవాబు చెప్పలేదు.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరంలో ఒక పేరున్న ఆస్పత్రిలో పిల్లల గుండె ఆపరేషన్ల ఫలితాలు చాలాకాలం బాగాలేవు. అక్కడ మత్తు ఇచ్చే ఒక డాక్టరు అంకెలు పోగుచేసి హెచ్చరించాడు. చాలాకాలం ఎవరూ సరిగా పట్టించుకోలేదు. చివరకు ప్రభుత్వం విచారణ జరిపించింది. 1991 నుంచి 1995 వరకు ఏడాది లోపు పసివాళ్ళలో, ఇతర ఆస్పత్రుల సగటుతో పోలిస్తే, సుమారు 30 నుంచి 35 మంది అదనంగా చనిపోయారని 2001లో వచ్చిన నివేదిక చెప్పింది. తప్పు ఒక్క చేతిది కాదు, మొత్తం ఏర్పాటుదని తేల్చింది. ఆ పసివాళ్ళ తల్లిదండ్రులు కూడా మంచి ఆస్పత్రనే నమ్మి వెళ్ళినవాళ్ళే. లెక్క ఒక్కటే వాళ్ళకు కనపడలేదు.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్ బాగా జరిగి ఇంటికి వచ్చారు. పని అయిపోయిందా? సగమే అయింది. లోహపు కవాటం పెట్టినవాళ్ళు వార్ఫరిన్ వంటి మందు రోజూ వేసుకోవాలి. మందు తక్కువైతే కవాటం మీద రక్తం గడ్డ కడుతుంది. ఎక్కువైతే రక్తస్రావం జరుగుతుంది. అందుకని ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు మానక్కరలేదు గాని, ఒక వారం మానేసి ఇంకో వారం గంపెడు తినడం పనికిరాదు. వాటిలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురుగా పనిచేస్తుంది. ఇంకే మందు వాడాలన్నా డాక్టరుకు చెప్పే వాడాలి. గర్భిణీలకు ఈ మందు విషయంలో ప్రత్యేక జాగ్రత్త కావాలి. పళ్ళు, చిగుళ్ళు శుభ్రంగా వుంచుకోవాలి. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో చేరి కొత్త కవాటాన్ని పట్టుకుంటే ప్రమాదం.

కనక ఆస్పత్రిని ఎంచుకునేటప్పుడు ఇంటి దగ్గరి సంగతి కూడా చూడాలి. దూరపు నగరంలో గొప్ప ఆపరేషన్ చేయించుకుని, రక్తపరీక్షకు దిక్కులేని చోట కూర్చుంటే చేసినదంతా వ్యర్థమవుతుంది.

ఇక ఖర్చు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తరవాత ఎందరో పేదవాళ్ళు గుండె ఆపరేషన్లు చేయించుకోగలిగారు. ఇలాంటి పథకాల కింద తమకు ఏ ఆస్పత్రులు వర్తిస్తాయో ముందే కనుక్కుంటే, వాటిలోనే పోల్చి చూసుకోవచ్చు. ఎక్కువ ఫీజు తీసుకునేవాడి హస్తవాసి ఎక్కువ అనే నియమం ఏదీ లేదు.

అడగవలసిన ప్రశ్నలు

న్యూయార్క్‌లో లాగా సర్జన్ల వారీగా లెక్కలు అచ్చువేసి అందరికీ చూపించే పద్ధతి మన దగ్గర లేదు. కనక అడిగి తెలుసుకోవలసిందే. మన అబ్బాయి తన నోటుపుస్తకంలో ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్ళవచ్చు.

1. డాక్టరుగారూ, అమ్మకు ఏ కవాటం, ఏ విధంగా పాడైంది? బెలూన్‌తో గాని, కుట్టి గాని బాగుచేయడం కుదరదా?
2. ఆపరేషన్ ఇప్పుడే చేయాలా? కొంతకాలం ఆగితే ఏమవుతుంది?
3. సరిగ్గా ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? ఈ ఆస్పత్రిలో ఎన్ని జరుగుతాయి?
4. వాళ్ళలో నెల రోజుల లోపు ఎందరు చనిపోయారు? ఎందరికి పక్షవాతం, చీము పట్టడం, మళ్ళీ ఆపరేషన్ వంటివి వచ్చాయి?
5. అమ్మ వయసునూ, ఒంటి స్థితినీ బట్టి ఆమెకు ప్రమాదం ఎంత? (దీన్ని అంచనా వేయడానికి డాక్టర్ల దగ్గర యూరోస్కోర్ వంటి పద్ధతులున్నాయి.)
6. ఏ రకం కవాటం పెడతారు? ఎందుకు?
7. ఆపరేషన్ మీరే చేస్తారా? రాత్రిపూట ఎవరు చూస్తారు?
8. ఇంటికి వెళ్ళాక రక్తపరీక్ష ఎక్కడ? ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలి?

ఇలా అడిగితే డాక్టరుకు కోపం వస్తుందేమో అని మనవాళ్ళకు జంకు. మర్యాదగా అడిగితే మంచి డాక్టరుకు కోపం రాదు. లెక్కలు పెట్టుకున్నవాడు చెబుతాడు. "మా దగ్గర ప్రమాదమనేదే లేదు" అని కొట్టిపారేస్తే, ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడం మంచిది. మరొక డాక్టరుకు రిపోర్టులు చూపించడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. రోగి స్థితి అకస్మాత్తుగా విషమిస్తే ఎంచుకుంటూ కూర్చోకూడదు. గుండె ఆపరేషన్ చేయగల దగ్గరి ఆస్పత్రికి వెంటనే తీసుకుపోవాలి.

ఇంకొక్క మాట. అన్నిటికంటే మంచి ఆపరేషన్ అవసరం రాని ఆపరేషన్. మీకు గాని, మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ గాని జ్వరంతో గొంతునొప్పి వస్తే డాక్టరుకు చూపించండి. ఆయన రాసిన మందు పూర్తిగా వాడండి. కీళ్ళవాత జ్వరం ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాకుండా మూడు నాలుగు వారాలకొకసారి పెనిసిలిన్ సూది ఏళ్ళ తరబడి ఇస్తారు. నొప్పిగా వుంటుందని, బడి పోతుందని దాన్ని మానకూడదు.

మీరే చేసి చూడండి

1. చింతపిక్కల ఆట తరగతిలో అందరూ ఆడి, తెల్ల పిక్క ఒక్కసారీ రానివాళ్ళు నూటికి ఎందరో లెక్కగట్టండి.

2. ఒక సర్జన్ 60 ఆపరేషన్లు చేశాడు, ఒక్కరూ చనిపోలేదు. అసలు ప్రమాదం నూటికి ఎంతవరకూ వుండవచ్చు?

3. ఒక ఆస్పత్రిలో 200 ఆపరేషన్లు జరిగాయి. 190 మంది సంగతి తెలిసింది, వారిలో నలుగురు చనిపోయారు. మిగిలిన 10 మంది ఊళ్ళకు వెళ్ళిపోయారు, మళ్ళీ కనుక్కోలేదు. మరణాల శాతం తక్కువలో తక్కువ ఎంత? ఎక్కువలో ఎక్కువ ఎంత?

జవాబులు: రెండోదానికి నూటికి 5. మూడోదానికి తక్కువలో తక్కువ నూటికి 2, ఎక్కువలో ఎక్కువ నూటికి 7. కాడ్‌మన్ ఏడాది తరవాత కూడా ప్రతి రోగినీ వెతికి కనుక్కోవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదూ?